ఊరుమ్మడి చెరువు, ఒంటి కాపరి

అర సెకను అంటే ఎంత? ఒక రెప్పపాటు, మరి కాస్త. పొయ్యిమీది పాలు పొంగి కింద పడడానికైనా అంతకంటె ఎక్కువ సేపే పడుతుంది. బస్సు రెండు గంటలు ఆలస్యంగా వచ్చినా 'వచ్చింది, అదే పదివేలు' అనుకునే మనబోటివాళ్లకు అర సెకను ఒక లెక్కలోది కాదు. కాని 2024 మార్చిలో, అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలో వుండే ఒక ఇంజనీరు ఆ అర సెకనును ఊరికే పోనివ్వలేదు. పోనిచ్చివుంటే, ప్రపంచంలో లెక్కకందనన్ని కంప్యూటర్ల తాళంచెవులు ఊరూ పేరూ తెలియని ఒక మనిషి జేబులోకి చేరివుండేవి.

ఆ ఇంజనీరు పేరు ఆండ్రెస్ ఫ్రాయిండ్. మైక్రోసాఫ్టు కంపెనీలో ఉద్యోగం. పోస్ట్‌గ్రెస్ అని, లెక్కలూ వివరాలూ భద్రపరిచే ఒక ప్రోగ్రాము వుంది; దాన్ని తయారుచేసేవాళ్లలో ఆయన ఒకడు. తన ప్రోగ్రాము వేగం కొలుచుకుంటూ వుండగా, మరేదో పని కంప్యూటరు శక్తిని అనవసరంగా తినేస్తున్నట్టు కనిపించింది. దూరాన వున్న కంప్యూటరులోకి ప్రవేశించడానికి ఒక వాకిలి వుంటుంది. దాన్ని ఎస్.ఎస్.హెచ్. అంటారు. ఆ వాకిలి దగ్గర 0.3 సెకను పట్టవలసిన పనికి 0.8 సెకను పడుతోంది. మొన్నటిదాకా లేని ఆలస్యం ఇవాళ ఎందుకు వచ్చినట్టు? నేను ముప్పయి నాలుగేళ్లు బ్యాంకులో పనిచేసినవాణ్ణి. సాయంత్రం లెక్కలో ఒక్క రూపాయి తేడా వస్తే, 'పోనిద్దురూ, నా జేబులోంచి వేసేస్తాను' అనే గుమాస్తా ఒక రకం. రాత్రి తొమ్మిదయినా ఆ రూపాయి ఎక్కడిదో తేల్చుకోనిదే కుర్చీలోంచి లేవనివాడు మరో రకం. ఫ్రాయిండ్ ఆ రెండో రకం మనిషి. తవ్వుకుంటూ తవ్వుకుంటూ పోయి, ఎక్స్-జెడ్ అనే మరో చిన్న ప్రోగ్రాములో ఎవరో బుద్ధిపూర్వకంగా దొంగదారి పెట్టినట్టు కనిపెట్టాడు. మార్చి 29న, గుడ్ ఫ్రైడే నాడు, ఆ సంగతి లోకానికి చాటాడు.

దొంగ ఎలా వచ్చాడో చెప్పేముందు, ఆ ఇల్లు ఎలాంటిదో చెప్పాలి.

కంప్యూటరు పనిచేయాలంటే దానికి వరసగా ఆజ్ఞలు రాసి ఇవ్వాలి. ఆ ఆజ్ఞల చిట్టాయే ప్రోగ్రాము. బజారులో కొన్న ఆవకాయ సీసా వుందనుకోండి. తినవచ్చు. బాగుందనో, ఉప్పెక్కువయిందనో అనవచ్చు. అంతే. పాళ్లు ఎవరూ చెప్పరు. మా పెద్దత్తయ్య పద్ధతి వేరు. జాడీతోబాటు ఒక కాగితం కూడా ఇచ్చేది: కాయలు ఎన్ని, ఆవపిండి ఎంత, కారం ఎంత, నూనె ఎప్పుడు పొయ్యాలి. 'మీ నోటికి తగ్గట్టు మార్చుకోండి, అడిగినవాళ్లకు చెప్పండి' అనేది. ఇలా పాళ్ల కాగితంతో సహా నలుగురికీ ఇచ్చే ప్రోగ్రాములనే ఓపెన్ సోర్స్ సాఫ్టువేరు అంటున్నారు. 1983లో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ అనే ఆయన ఈ పద్ధతిని ఒక ఉద్యమంగా మొదలుపెట్టాడు. ఆయన దానికి పెట్టుకున్న పేరు స్వేచ్ఛా సాఫ్టువేరు. ఓపెన్ సోర్స్ అన్న పేరు 1998లో వచ్చింది. ఈ రెండు పేర్ల వాళ్లకూ మధ్య సిద్ధాంత చర్చలు చాలా వున్నాయి. శైవ వైష్ణవాల వంటివి. వాటి జోలికి మనం పోవద్దు.

'ఎవరివో కంప్యూటర్లు, మాకెందుకు' అంటారా? మీ చేతిలో ఆండ్రాయిడ్ ఫోను వుంటే దాని పునాది లినక్స్. 1991లో ఫిన్లండు దేశంలో లైనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి సరదాకు మొదలుపెట్టిన ప్రోగ్రాము అది. అదే ఫోనులో మీరు తెలుగు చదువుతున్నారనుకోండి. 'క' కింద 'ష' వత్తు చేర్చి, దీర్ఘం తగిలించి, 'క్షా' అని ఒక్క అక్షరంగా కూర్చిపెట్టేది హార్ఫ్‌బజ్ అనే ఇంకొక ప్రోగ్రాము. అదీ ఈ జాతిదే. అది లేకపోతే గుడి ఒకచోట, వత్తు ఒకచోట, మధ్యన చుక్కల సున్నాలు. మన పద్యాలన్నీ చెల్లాచెదరు.

ఇంకొక చిత్రం చెబుతాను. మా నాన్నగారు 1943లో బందరులో పుట్టారు. ఆయన జాతకం వేసిన సిద్ధాంతిగారు పుట్టిన వేళలో ఒక గంట తగ్గించి లగ్నం కట్టారు. ఎందుకంటే యుద్ధం రోజుల్లో, 1942 సెప్టెంబరు నుంచి 1945 అక్టోబరు నడిమి వరకు, మన దేశంలో గడియారాలన్నీ గంట ముందుకు తిప్పి వుంచారు. ఈ విషయం కంప్యూటర్లకు ఎలా తెలుసు? ఏ దేశంలో ఏ సంవత్సరం గడియారం ఎంత ముందుకు జరిగింది, ఎంత వెనక్కు జరిగింది అన్నది రాసిపెట్టిన ఒక పెద్ద పట్టిక వుంది. దాదాపు ప్రతి ఫోనూ, ఎన్నో కంప్యూటర్లూ దాన్నే చూసి టైము చెబుతాయి. అందులో మన యుద్ధకాలపు గంట కూడా వుంది. ఆ పట్టికను 1980ల నుంచి ఆర్థర్ డేవిడ్ ఓల్సన్ అనే ఆయన, 2005 నుంచి పాల్ ఎగర్ట్ అనే ఆయన చూస్తూ వచ్చారు. లాభం కోసం కాదు. 2011లో ఆస్ట్రోలేబ్ అని, జ్యోతిషానికి ప్రోగ్రాములు అమ్మే ఒక అమెరికా కంపెనీ ఆ ఇద్దరి మీదా కోర్టులో దావా వేసింది, అందులోని పాతకాలపు వివరాలు తమ పుస్తకంలోవి అని! కొన్నాళ్లు ప్రపంచంలోని గడియారాలకు దిక్కెవరో తెలియని స్థితి వచ్చింది. తరవాత ఇంటర్నెట్టు పేర్ల వ్యవహారం చూసే ఐకాన్ అనే సంస్థ ఆ పట్టికను తన నీడలోకి తీసుకుంది. 2012లో కంపెనీవారు దావా వెనక్కు తీసుకుని క్షమాపణ కూడా చెప్పారు. జాతకాలు చూసే కంపెనీవారు ముందు తమ దావా జాతకం చూసుకోవలసింది.

ఈ కథలో హాస్యం వుంది గాని, నేను చెప్పదలచిన విషయం కూడా వుంది. లోకమంతా వాడుకుంటుంది. కాపలా మాత్రం ఒకరో, ఇద్దరో.

ఎక్స్-జెడ్ సంగతీ అంతే. అది చేసే పని పెట్టె సర్దడం. ఆరు పట్టుచీరలు, రెండు దుప్పట్లు, పిల్లల బట్టలు అన్నీ ఒక్క పెట్టెలో పట్టించే నేర్పు మా ఆవిడకు వుంది. మళ్లీ తీస్తే ఒక్క మడత నలగదు. కంప్యూటరు సమాచారాన్ని అలా చిన్నదిగా నొక్కి, కావలసినప్పుడు యథాతథంగా విప్పే ప్రోగ్రాము ఎక్స్-జెడ్. ఫిన్లండులో లాసే కోలిన్ అనే ఆయన ఏళ్ల తరబడి దాన్ని ఒంటి చేత్తో చూసుకుంటున్నాడు. జీతం లేదు, సెలవు లేదు.

2021లో 'జియా టాన్' అనే పేరుతో ఒక మనిషి వచ్చాడు. చిన్న చిన్న దిద్దుబాట్లు పంపాడు. పని బాగుంది, మాట మర్యాదగా వుంది. 2022లో మరి కొన్ని కొత్త పేర్లు బయలుదేరాయి. 'పనులు ఆలస్యమవుతున్నాయి, నీవల్ల కాకపోతే ఇంకొకరికి అప్పగించరాదా' అని కోలిన్‌ను నలుగురిలో నిలదీయడం మొదలుపెట్టాయి. ఆ జూన్‌లో ఆయన ఒక జవాబు రాశాడు. తన మనసు చాలా కాలంగా బాగుండడం లేదనీ, ఇది డబ్బు రాని సరదా పని అన్న సంగతి గుర్తుంచుకోవాలనీ దాని సారాంశం. అలసిపోయినవాడికి ఆసరా ఇస్తానని ఒక మంచివాడు పక్కనే నిలబడి వుంటే ఎవరు కాదంటారు? క్రమంగా జియా టాన్ చేతికి అధికారం వచ్చింది. నిలదీసిన ఆ పేర్లు తరవాత ఎక్కడా కనిపించలేదు. అవన్నీ ఒకే నాటకంలో వేషాలని ఇప్పుడు చాలామంది నమ్మకం.

రెండేళ్లకు పైగా ఓపికగా సేవచేసి, 2024 ఫిబ్రవరి 24న జియా టాన్ తన అసలు సరుకు బయటికి తీశాడు. ఎంత తెలివి అంటే, నలుగురూ చదివే పాళ్ల కాగితంలో దొంగమాట ఎక్కడా లేదు. విషపు ముక్కను, పరీక్షకోసం దాచుకునే పాడు నమూనాల మధ్య, వాటిలో ఒకటిగా పడేశాడు. దాన్ని తీసి కలిపే ఒక్క వాక్యాన్ని మాత్రం, పొట్లం కట్టి ఊళ్లకు పంపే ప్రతిలో చేర్చాడు. కాగితం చూసినవాళ్లకు అంతా శుభ్రం. పొట్లం విప్పుకున్నవాళ్ల ఇంట్లో దొంగ. అసలు ఎస్.ఎస్.హెచ్. వాకిలికీ, పెట్టె సర్దే ఎక్స్-జెడ్‌కూ నేరుగా చుట్టరికమే లేదు. కొన్ని రకాల లినక్స్‌లలో మధ్యన ఇంకొక ప్రోగ్రాము ద్వారా, వియ్యపురాలి తోడికోడలి వరసలో, సంబంధం కలిసింది. ఆ సన్నని దారిలోంచే ప్రవేశం. రహస్యపు తాళంచెవి వున్నవాడు ఆ కంప్యూటరును తన ఇష్టం వచ్చినట్టు ఆడించవచ్చు.

అప్పటికి ఆ పొట్లం ఎక్కువగా ప్రయోగదశలో వున్న లినక్స్‌లలోకే వెళ్లింది. ఆసుపత్రులు, బ్యాంకులు, ప్రభుత్వాలు వాడే స్థిరమైన వాటిలోకి ఇంకా చేరలేదు. కొద్ది నెలలు ఆగివుంటే చేరేది. జియా టాన్ ఎవరు, ఒక మనిషా ఒక ముఠాయా, వెనక ఏదైనా ప్రభుత్వం వుందా? ఎవరూ రుజువు చేయలేకపోయారు. పట్టుబడిన నాటి నుంచీ ఆ పేరు మౌనం.

ఈ కథ నాకు పూసగుచ్చినట్టు చెప్పినవాడు మా చెల్లెలి కొడుకు. హైదరాబాదులో ఉద్యోగం. పగలు కంపెనీ పని; రాత్రి భోజనం చేశాక, చదువుకునే రోజుల్లో తాను రాసి నలుగురికీ వదిలిపెట్టిన ఒక చిన్న ప్రోగ్రాము పని. అది తేదీలు చదువుతుంది. 05-04 అని రాస్తే మనకు ఏప్రిల్ 5, అమెరికావాడికి మే 4. ఏ సందర్భంలో ఏది అన్నది తేల్చే పని అది. చూడడానికి చిన్నదే గాని, దానిమీద ఎవరెవరో తమ ప్రోగ్రాములు కట్టుకున్నారు, వాటిమీద ఇంకెవరో కట్టుకున్నారు. మా చెల్లెలికి ఇది బొత్తిగా గిట్టదు.

"చూడన్నయ్యా, పైసా రాని పనికి అర్ధరాత్రి దాకా కళ్లు కాయలు చేసుకుంటాడు. పెళ్లిచూపులకు వెళ్లినచోట 'ఖాళీ వేళల్లో ఏం చేస్తాడు' అని అడిగితే ఏం చెప్పమంటావు?" అంటుంది.

నిరుడు వాడు మా యింటికి వచ్చినప్పుడు ముఖం వాడిపోయి వుంది. ఏమిట్రా అని అడిగితే ఉత్తరాలు చూపించాడు. ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్లు, 'మీ ప్రోగ్రాములో తప్పు వుంది, మా పని ఆగిపోయింది, రేపటికల్లా దిద్దండి' అని హుకుం జారీచేసినట్టు రాశారు. అందులో ఒక్కరైనా దీనికి ఒక్క రూపాయి ఇచ్చినవాళ్లు లేరు.

"ఇది పాత గొడవే మామయ్యా, అలవాటయింది. అసలు బాధ వేరే వుంది. ఎనిమిది నెలలుగా ఒకతను సాయం చేస్తున్నాడు. ఏ దేశమో తెలియదు. నేను చేయలేక వదిలేసినవన్నీ శుభ్రంగా చేసి పంపుతున్నాడు. ఒక్కనాడు విసుక్కోలేదు. పగ్గాలు అతని చేతికిచ్చి హాయిగా నిద్రపోదామని వుంది. కాని ఆ మంచితనమే భయంగా వుంది."

ఆ మాట విని నాకు మనసు కలుక్కుమన్నది. జియా టాన్ చేసిన అసలు దొంగతనం ఇదీ! కంప్యూటర్ల తాళాలు ఫ్రాయిండ్ పుణ్యమా అని దక్కాయి. కాని అపరిచితుడు వచ్చి చెయ్యి వేస్తే 'రా నాయనా' అనే నమ్మకం మీదనే నలభయి ఏళ్లుగా ఈ లోకం కట్టుకున్నారు. దానికి బీట పడింది. దొంగ మంచివాడి లాగే వుంటాడని తెలిశాక, మంచివాడు ఏం చేసి నమ్మించాలి?

మొదటినుంచీ ఈ లోకంలో ఒక గట్టి విశ్వాసం వుంది: పాళ్లు అందరికీ కనిపిస్తాయి గనక, పదిమంది కళ్లు పడతాయి, తప్పు దాగదు అని. వినడానికి బాగుంది. కాని మన పాత కథ ఒకటుంది కదా: రాజుగారు తెల్లవారేసరికి కోనేరు పాలతో నిండాలన్నాడు, ఊళ్లో ప్రతివాడూ 'అందరూ పాలు పోస్తారు, నా ఒక్క చెంబు నీళ్లు తెలుస్తాయా' అనుకున్నాడు, తెల్లారి చూస్తే కోనేటి నిండా నీళ్లే. ఇక్కడా ప్రతివాడూ 'ఇంకొకరు చదివే వుంటారు' అనుకుంటాడు.

2014 ఏప్రిల్‌లో అదే బయటపడింది. ఇంటర్నెట్టులో మన రహస్య సంకేతాలు, బ్యాంకు వివరాలు దారిలో ఎవరూ చదవకుండా కప్పిపుచ్చే ఓపెన్ ఎస్.ఎస్.ఎల్. అనే ప్రోగ్రాములో పెద్ద కంత వున్నట్టు తేలింది. దానికి హార్ట్‌బ్లీడ్ అని పేరు పెట్టారు. సంగతి ఇంత: పక్కింటావిడ మీ దగ్గర గిద్దెడు పప్పు దాచమని ఇచ్చి, మరునాడు వచ్చి 'నా కుంచెడు పప్పు ఇవ్వండి' అంటే, కొత్తగా పనిలో చేరిన కుర్రవాడు మాట నమ్మి కుంచం నిండా కొలిచి ఇచ్చేశాడు. గిద్దెడు పప్పు పోగా, మిగతా కుంచంలో పడ్డది మీ యింటి సరుకు. అలాగే ఆ ప్రోగ్రాము, అడిగినవాడు చెప్పిన కొలత సరిచూసుకోకుండా తన జ్ఞాపకంలో వున్న ఇతరుల రహస్యాలు కూడా తోడి ఇచ్చేది. కుట్ర కాదు, ఒట్టి పొరపాటు. కాని 2012 మార్చి నుంచి రెండేళ్లపాటు ఎవరి కంటా పడలేదు. ప్రపంచంలో సగం వ్యాపారం దానిమీద నడుస్తూ వుంటే, దానికి పూర్తికాలం పనిచేసే మనిషి ఒక్కడు. ఏటా వచ్చే చందా సుమారు 2,000 డాలర్లు. మా వీధి వినాయక చవితి పందిరికి అంతకంటె ఎక్కువ వసూలవుతుంది.

ఇలాంటి సొత్తు విలువ ఎంత వుంటుందని 2024లో హార్వర్డు విశ్వవిద్యాలయం వారు లెక్క కట్టారు. జనం విరివిగా వాడే ఓపెన్ సోర్స్ ప్రోగ్రాములన్నీ ఒక్కసారి కొత్తగా రాయించాలంటే 415 కోట్ల డాలర్లు. అవే లేకపోతే, వాడుకునే ప్రతి కంపెనీ తనకు తాను రాయించుకోవాలంటే 8.8 లక్షల కోట్ల డాలర్లు. రెండో అంకె చూసి నేను కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివాను. అంత సొత్తు వాడుకునేవాళ్లు కాపలావాడితో ఎలా మాట్లాడతారో కూడా వినండి. స్వీడనులో డేనియల్ స్టెన్‌బర్గ్ అనే ఆయన 1998 నుంచి కర్ల్ అనే ప్రోగ్రాము నడుపుతున్నాడు. అది ఫోనుల్లో, టీవీల్లో, కార్లలో అంతటా వుంది. 2021 డిసెంబరులో లాగ్-ఫర్-జె అనే వేరొక ప్రోగ్రాములో ప్రమాదకరమైన లోపం బయటపడి లోకమంతా గగ్గోలెత్తింది. మరుసటి నెల ఒక పెద్ద అమెరికా కంపెనీ నుంచి స్టెన్‌బర్గ్‌కు ఉత్తరం వచ్చింది: ఆ లోపం గురించి మా ప్రశ్నలన్నిటికీ 24 గంటల్లో జవాబు చెప్పాలి అని! ఆయన ప్రోగ్రాములో ఆ సరుకు లేనేలేదు. ఆయనకు వాళ్లు ఎన్నడూ ఏమీ ఇచ్చినవాళ్లూ కారు. 'ముందు ఒప్పందం రాసుకుని రుసుము కట్టండి, సంతోషంగా జవాబు చెబుతాను' అన్న ధోరణిలో ఆయన బదులు రాశాడు. నాకు మహా నచ్చింది. పాపం, 2025లో ఆయనకు మరో పీడ వచ్చింది: కృత్రిమ మేధ చేత రాయించిన బూటకపు లోపాల జాబితాలు గుట్టలు గుట్టలుగా వచ్చిపడుతున్నాయని మొత్తుకున్నాడు. ఒక్కొక్కటీ చదివితేగాని బూటకమని తెలియదు.

కడప జిల్లాలో పోరుమామిళ్ల చెరువుగట్టున 1369 నాటి శాసనం వుంది. బుక్కరాయల కుమారుడు భాస్కరుడు ఆ చెరువు తవ్వించాడు. మంచి చెరువుకు ఏమేమి వుండాలో, ఏ దోషాలు వుండకూడదో అందులో చెక్కించారు. ఆ దోషాల్లో ఒకటి, చెరువు రెండు రాజ్యాల సరిహద్దులో వుండడం. కారణం మనం వూహించుకోవచ్చు: నీళ్లకు ఇద్దరూ వస్తారు, గండి పడితే ఇద్దరూ రారు. ఈ ప్రోగ్రాములు రెండు కాదు, నూట తొంభయి రాజ్యాల సరిహద్దులో వున్న చెరువులు. మన పూర్వులు దీనికి చందాల మీద ఆధారపడలేదు. చెరువు బాగుచేసేవాడికి దశబంధం మాన్యం అని, ఆ చెరువు కింది భూమిలోనే కొంత రాసి ఇచ్చేవారు. చెరువు నిండితే వాడి చేనూ పండుతుంది.

ఆ దిశగా కొన్ని అడుగులు పడుతున్నాయి. హార్ట్‌బ్లీడ్ తరవాత పెద్ద కంపెనీలు కొన్ని కలిసి ఒక నిధి పెట్టాయి. జర్మనీ ప్రభుత్వం 2022లో ఈ పనికి ప్రత్యేకంగా నిధి ఏర్పాటుచేసింది, రోడ్లకూ వంతెనలకూ డబ్బు ఇచ్చినట్టు. మన దేశంలో బెంగుళూరు జెరోధా కంపెనీవారు ఏటా పది లక్షల డాలర్లు ఇస్తామని 2024లో ప్రకటించారు. యూరపులో వచ్చిన కొత్త చట్టం, ఇలాంటి ప్రోగ్రాములు కలిపి సరుకు అమ్ముకునే కంపెనీలే వాటి భద్రతకు జవాబుదారీ అంటున్నది. సరదాగా రాసి ఊరికే ఇచ్చినవాడి మెడకు చుట్టడం లేదు. అందులో ముఖ్యమైన నిబంధనలు 2027 డిసెంబరు నుంచి అమలవుతాయి. ఇవన్నీ మంచివే. అయినా చందా చందాయే, మాన్యం మాన్యమే అని నా అభిప్రాయం. వాడుకున్న కంపెనీ వాడుకున్నంత మేరకు ఏటా కట్టే రోజు రావాలి.

ఇక మా మేనల్లుడి సంగతి. డబ్బు సంగతి నేను తీర్చలేను గాని, నమ్మకం సంగతి బ్యాంకువాడికి కొత్త కాదు. బ్యాంకులో నగదు గదికి రెండు తాళాలు వుంటాయి. ఒక చెవి ఒకరి దగ్గర, రెండోది ఇంకొకరి దగ్గర. ముప్పయి నాలుగేళ్లలో నన్నెవరూ 'నువ్వు దొంగవా' అని అడగలేదు. 'నువ్వు దొంగవు కాదు' అని ధ్రువపత్రమూ ఇవ్వలేదు. ఆ ప్రశ్న రాకుండా చేయడానికే రెండో తాళం. మరొకటి, ఏడాదికొకసారి కొన్నాళ్లు తప్పనిసరిగా సెలవు పెట్టమంటారు. ఆ రోజుల్లో మన పుస్తకాలు ఇంకొకరు చూస్తారు.

"మీ దాంట్లో రెండు తాళాల పద్ధతి లేదూ?" అన్నాను.

వుందిట. ఒకరు రాసినది మరొకరు చదివి ఒప్పుకుంటేగాని కలవకుండా కట్టుదిట్టం చేయవచ్చుట. పొట్లం కట్టే పని మనిషి చేతిలో పెట్టకుండా, నలుగురూ చూసే కాగితంలోంచే యంత్రం చేత కట్టించవచ్చుట. అదే కాగితంలోంచి ఎక్కడ ఎవరు కట్టినా అక్షరం తేడా లేకుండా అదే పొట్లం రావాలి; తేడా వస్తే దొంగ దొరికినట్టే. డెబియన్ అనే లినక్స్ వాళ్లు పదేళ్లకు పైగా ఈ విద్య మీద పనిచేస్తున్నారుట. ఇదే ముందునుంచీ అంతటా వుండివుంటే జియా టాన్ చివరి ఎత్తు అంత సులువుగా సాగేది కాదని వాడన్నాడు.

"మరి ఎందుకు చేయలేదురా?"

"ఎవరు చేస్తారు మామయ్యా? అది చేయడానికి కూడా రాత్రిపూటే కూర్చోవాలి కదా."

అయినా కూర్చున్నాడు. మూడు నెలలు పట్టింది. వాడి ప్రోగ్రాము వాడుకునే ఒక చిన్న కంపెనీవారు ఆ మూడు నెలలకూ కొంత పైకం పంపారు; ఎక్కువ కాదు గాని, మా చెల్లెలు ఆ కాగితం దేవుడి గదిలో పెట్టింది. ఇప్పుడు రెండు చెవుల్లో ఒకటి వాడి దగ్గర, రెండోది ఆ తెలియని సహాయకుడి దగ్గర. ఒకరు తెరవాలంటే ఇంకొకరు రావాలి. ఈ సంక్రాంతికి వాడు ఇంటికి వచ్చి నాలుగు రోజులు కంప్యూటరు ముట్టుకోకుండా వున్నాడు. మా చెల్లెలు అరిసెలు వత్తుతూ అడిగింది:

"ఆ రెండో అబ్బాయి ఎవరి తాలూకురా? మనవాళ్లేనా?"

"తెలియదమ్మా. ముఖం కూడా చూడలేదు. నిన్న నేను రాసినదాంట్లో తప్పు పట్టుకుని తిప్పి పంపాడు."